సదరు వేలు

గంటవానిపేట జిల్లా పెయింట్‌బాల్ సంఘం నియమావళిలో నూట పద్నాలుగు నిబంధనలున్నాయి. ఆడేవాళ్లు మాత్రం నలభై మందే. మనిషికి మూడేసి పంచుదామంటే ఆరు తక్కువ పడతాయి. ఆ ఆరూ వచ్చే ఏడాదికల్లా రాసేస్తామని సంఘం కార్యదర్శి సోమసుందరం గారు నిండు సభలో హామీ ఇచ్చి, చప్పట్లు కూడా కొట్టించుకున్నారు.

అసలు ఆ ఊరికి ఈ ఆట ఎలా వచ్చిందంటే, ఉద్యోగులకు మానసిక ఒత్తిడి పెరిగిపోయిందని పైనుంచి ఒక సర్క్యులర్ దిగింది. మార్చి ముప్ఫై ఒకటో తేదీలోగా ఒత్తిడిని పూర్తిగా తొలగించి, ఎంత తొలగించిందీ మూడు ప్రతుల్లో నివేదిక పంపమన్నారు. ఆ కాగితం చూడగానే అన్ని ఆఫీసుల్లోనూ ఒత్తిడి రెట్టింపయింది. క్యారమ్స్, త్రోబాల్ పాతబడ్డాయి, ఏదైనా కొత్తది పెట్టాలన్నారు. ఊరి చివర మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ ఆవరణలో ఎవరో పాత డ్రమ్ములూ లారీ టైర్లూ పేర్చి పెయింట్‌బాల్ ఆడిస్తున్నారని తెలిసి, సరే, అదే పెట్టేయండన్నారు.

ఆట బ్రహ్మవిద్యేం కాదు. జట్టుకు ఐదుగురు. గోలీకాయంత గుళికలో రంగు ఉంటుంది. గాలితో పనిచేసే తుపాకీతో కొడితే అది మనిషికి తగిలి చిట్లుతుంది. రంగు పడ్డవాడు బయటికి పోవాలి. అవతలివాళ్లందరికీ రంగు పూసినా, వాళ్ల జెండా పట్టుకొచ్చినా గెలిచినట్టే. ఆ తుపాకీని తుపాకీ అనకూడదు, మార్కర్ అనాలి. అది రెండో నిబంధన. మొదటి నిబంధన ఏమిటంటే, నిబంధనలన్నీ పాటించాలని.

సంఘంలో సభ్యులు ఐదుగురు. అందరూ రిటైరైనవాళ్లే, ఈ ఆటను ఒక్కరూ చూసినవాళ్లు కారు. పక్షపాతం ఉండకూడదంటే అదే పద్ధతని సోమసుందరం గారి వాదన. ఆయన ముప్ఫై నాలుగేళ్లు సూపరింటెండెంటుగా చేసి, ఒక్కసారైనా ఎవరికీ అవునని గానీ కాదని గానీ చెప్పకుండా దిగ్విజయంగా రిటైరైన మనిషి. అధ్యక్షుడు కామేశం గారు తూనికల ఇన్‌స్పెక్టరుగా పనిచేశారు. కొట్టుకొట్టూ తిరిగి కాటాలకూ రాళ్లకూ సీలు వేసిన చెయ్యి అది. సీసపు బిళ్లలూ, తీగా, సీలు నొక్కే పటకారూ ఉన్న గుడ్డసంచీ ఇప్పటికీ భుజం దిగదు. పెళ్లి భోజనానికి వెళ్లినా దాన్ని పక్క కుర్చీలో కూర్చోబెడతారు.

ముప్ఫై ఏడో నిబంధన పుట్టిన వైనం ఆ ఊళ్లో అందరికీ తెలుసు. మార్కర్‌కి నొక్కే మీట కాక, పక్కన ఓ చిన్న స్విచ్చి ఉంటుంది. ఒకవైపు తిప్పితే ఒక నొక్కుకు ఒకే గుళిక. రెండోవైపు తిప్పితే ర్యాపిడ్ ఫైర్ మోడ్, ఒక్కసారి నొక్కి పట్టుకుంటే వడగళ్లు కురిసినట్టు గుళికలు కురుస్తూనే ఉంటాయి. పరిశీలన నిమిత్తం ఓ సభ్యుడు దాన్ని నొక్కి, ఆపడం ఎలాగో తెలియక అధ్యక్షుల వారివైపు తిరిగి అడిగాడు. కామేశం గారి మల్లెపువ్వు లాంటి పంచె చిలకపచ్చగా మారిపోయింది. ఆ సాయంత్రమే తీర్మానం జరిగింది: ర్యాపిడ్ ఫైర్ నిషేధం. ఒక నొక్కుకు ఒక గుళిక. అదైనా సెకనుకు ఐదుకు మించరాదు. ఐదే ఎందుకంటే, సభ్యులు ఐదుగురున్నారు, తలా ఒకటి ప్రతిపాదించారు. కామేశం గారు రెండు రోజులు కూర్చుని నలభై మార్కర్ల స్విచ్చిలకూ తీగ చుట్టి సీసం బిళ్ల వేసి నొక్కారు. ఇక దేవుడు దిగొచ్చినా ర్యాపిడ్ ఫైర్ జరగదన్నారు.

దేవుడు రాలేదు గానీ సత్యవేణి వచ్చింది.

సత్యవేణి కాలవలు తూముల శాఖలో సీనియర్ టైపిస్టు. నలభై రెండేళ్లుంటాయి. ఆటలంటే ఆమెకు సరదా ఏమీ లేదు, ట్రాన్స్‌ఫరంటే భయం ఉంది. కొండగుమ్మం అనే ఊరికి వేశారు. నూట తొంభై కిలోమీటర్లు, రెండు బస్సులు మారి ఆపైన జీపెక్కాలి. అక్కడి ఆఫీసులో కంప్యూటరు లేదు, కరెంటు కూడా ఉండీ ఉండనట్టే, కానీ టైపిస్టు పోస్టు మాత్రం భేషుగ్గా ఉంది. మొగుడు నూకరాజు రాత్రి సర్వీసు బస్సు డ్రైవరు, వారానికి నాలుగు రోజులు ఇంట్లో ఉండడు. పెద్దపిల్ల మౌనిక పదో తరగతి, చిన్నది ఆరు. ఇద్దరాడపిల్లల్ని ఒంటరిగా వదిలి ఎలా వెళ్లడం? ఆ ఆర్డరు తన చేత్తోనే టైపు చేసుకుని, నాలుగు ప్రతులు తీసి, బాత్రూములోకి వెళ్లి ఏడ్చింది.

జిల్లా స్థాయి ఆటల్లో గెలిచిన ఉద్యోగిని మూడేళ్ల వరకు కదపకూడదని ఒక పాత ఉత్తర్వు ఉందని గుర్తొచ్చింది. గుర్తు రాకేం, అదీ తను టైపు చేసిందే. క్యారమ్స్‌లో మొదటి రోజే ఓడిపోయింది. త్రోబాల్ జట్టు నిండిపోయింది. ఖాళీ ఉన్నది పెయింట్‌బాల్ ఒక్కటే.

మొదటి ఆట పశుగ్రాస శాఖతో. వాళ్ల కెప్టెన్ తిరుపతిరాజు గారు ఆరడుగుల మనిషి, మీసం ఉంది, మాట మంచిది. "ఏవండీ మేడమ్, మీరు ఆ డ్రమ్ము వెనకాల కూర్చోండి. తగిలితే చుర్రుమంటాదండి," అని ముందే జాలిపడ్డారు. విజిల్ మోగింది. సత్యవేణి డ్రమ్ము పక్కనుంచి తల బయటపెట్టి, కుడి చూపుడువేలు మీట మీద పెట్టి, పాతికేళ్లుగా ఏ పని చేస్తోందో ఆ పనే చేసింది. పదకొండు సెకన్లలో ఐదుగురూ పసుపుమయం. తిరుపతిరాజు గారు మంగళస్నానానికి పీటల మీద కూర్చోబెట్టిన పెళ్లికొడుకులా బయటికొచ్చారు.

"ఇది ర్యాపిడ్ ఫైరేనండీ! మనిషి చేసే పని కాదండి ఇది!" అని లబోదిబోమన్నారు.

కామేశం గారు పరుగున వచ్చి మార్కర్ తీసుకుని చూశారు. సీలు చెక్కుచెదరలేదు. తీగ బిగువుగా ఉంది. బిళ్ల మీద తన గుర్తు తళతళలాడుతోంది. నొక్కులు లెక్కపెట్టడానికి సంఘం పెట్టిన మిషను మాత్రం సెకనుకు తొమ్మిదని చూపించింది.

"సీలు బాగానే ఉందే!" అన్నారు ఆయన, తెల్లబోయి.

సోమసుందరం గారు కళ్లజోడు తుడుచుకుని, "అధ్యక్షా, ర్యాపిడ్ ఫైర్ జరిగినట్టు రుజువైనది. మార్కర్‌లో అది లేదని కూడా రుజువైనది. కావున అది మరెక్కడో ఉన్నది," అన్నారు. అంటూ సత్యవేణి చేతివైపు చూశారు. అందరూ అటే చూశారు. ఆమె చెయ్యి చప్పున కొంగు కింద దాచుకుంది.

మర్నాడు సత్యవేణికి నోటీసొచ్చింది. నిజానికి నోటీసు ఆమెకు కాదు, వేలికి. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, కాలవలు తూముల శాఖ జట్టుకు చెందిన కుడిచేతి చూపుడువేలు (పుట్టుమచ్చ: రెండవ కణుపు పైన) ఆటస్థలమందు సెకనుకు తొమ్మిది నొక్కులు నొక్కినట్లు రూఢి అయినది. సదరు వేలు మీద చర్య ఎందుకు తీసుకోకూడదో మూడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను. సదరు వేలు విచారణకు స్వయముగా హాజరు కావలెను. వెంట ఒకరిని తెచ్చుకొనవచ్చును."

"నన్నే తీసుకెళ్తాది లెండి, అంతకన్నా ఎవరున్నారు దానికి," అని సత్యవేణి నూకరాజుతో అంది. నూకరాజు నవ్వాపుకోలేక చేతిలో ఉన్న టీ ఒంటి మీద ఒలకబోసుకున్నాడు.

విచారణ ఐసు ఫ్యాక్టరీ పాత క్యాష్ రూములో జరిగింది. ఐదుగురు సభ్యులూ వరసగా కూర్చున్నారు. టేబులు మీద తువ్వాలు పరిచి, దాని మీద వేలు పెట్టమన్నారు. పెట్టింది. కామేశం గారు భూతద్దంతో పైనా కిందా చూశారు. లోపల స్ప్రింగు గానీ మరొకటి గానీ ఉన్నట్టు కనబడలేదని రాయించారు.

"వేలు ఆటగాడి శరీరమా, లేక పరికరమా అన్నది ఇక్కడ ముఖ్య ప్రశ్న," అన్నారు సోమసుందరం గారు. "శరీరమైతే నియమావళి వర్తించదు. పరికరమైతే వర్తిస్తుంది. పరికరమనగా మీటను కదిలించునదని పదకొండవ నిబంధన. మీటను కదిలించినది వేలు. కావున వేలు పరికరము."

"మరి మనిషేంటండీ?" అంది సత్యవేణి.

"మనిషి పరికరానికి స్టాండు."

నలుగురు సభ్యులు శభాషన్నారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనేవాళ్లు ఊరికి ఒకరుంటారు. ఆ గదిలో ఐదుగురూ వాళ్లే. వేలికి సీలు వేయాలని తీర్మానమైంది. కామేశం గారు మెత్తటి దూది పెట్టి, గుడ్డ చుట్టి, దారం కట్టి, సీసం బిళ్ల నొక్కారు. నొప్పి పుట్టకుండా జాగ్రత్తగానే చేశారు పాపం. "బిగువైందా అమ్మా?" అని రెండుసార్లు అడిగారు.

"తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు సదరు వేలు పనిచేయరాదు," అని సోమసుందరం గారు చదివారు.

పశుగ్రాస శాఖ వాళ్లు ఓడారా, గెలిచారా? వాళ్ల ఓటమి పరిశీలనలో ఉన్నది కనుక ఓడినట్టు కాదన్నారు. సత్యవేణి జట్టు గెలుపు మాత్రం రద్దు చేసే నిబంధన లేదు కనుక గెలిచినట్టే అన్నారు. ఇద్దరూ పై ఆటకు పోవచ్చన్నారు. తిరుపతిరాజు గారు ఓడిపోయి కూడా ముందుకు పోయిన ఆనందంలో అందరికీ బజ్జీలు పెట్టించారు.

రెండో ఆటలో సత్యవేణి మధ్యవేలితో నొక్కింది. పన్నెండు సెకన్లు పట్టింది. సీలున్న చూపుడువేలు పక్కనే బుద్ధిగా నిలబడి చూసింది.

ఈసారి సంఘం నిజంగానే భయపడింది. ఒక వేలిని అదుపు చేస్తే రెండోది తయారైంది. ఇది కుట్రా, అంటువ్యాధా? ఫైనల్ మూడు రోజుల్లో ఉంది, అవతల మళ్లీ పశుగ్రాస శాఖే, చీఫ్ గెస్టు కూడా ఖాయమయ్యారు. మళ్లీ విచారణ పెట్టారు. సత్యవేణికి కూడా గుండె జారింది. ఫైనల్ పోయిందంటే కొండగుమ్మమే. ఇదేమీ మాయ కాదు, సాధన అని చెప్పే మనిషి ఒకరు కావాలి. తనకు టైపు నేర్పిన పేరయ్య మాస్టారిని సాక్షిగా తెచ్చుకుంది. అక్కడే పొరపాటు చేసింది.

పేరయ్య మాస్టారికి డెబ్భై ఎనిమిదేళ్లు. టైపు ఇన్‌స్టిట్యూట్ మూసి పదిహేనేళ్లయింది. మిషన్లు పాత ఇనుముకు వెళ్లిపోయాయి. ఆయన్ను ఒక సాక్షిగా, ఒక నిపుణుడిగా, కుర్చీ వేసి పిలిచి మాట్లాడమన్నవాళ్లు ఈ పదిహేనేళ్లలో లేరు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. జేబులో ఎర్ర పెన్ను కూడా పెట్టుకున్నారు.

"ఈ అమ్మాయి వేలి వేగం సహజమేనా మాస్టారూ?" అని అడిగారు సోమసుందరం గారు.

"సహజమేంటండీ, నా కష్టం అది! ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్ అని ఆరునెల్లు కొట్టించాను. చేతుల మీద తుండు కప్పేసి కొట్టించాను, కళ్లతో చూస్తే వేలికి సిగ్గుండదని. హయ్యరు ఫస్ట్ క్లాసులో పాసైందండి, జిల్లాకే ఫస్టు!"

"అంటే చూపుడువేలు, మధ్యవేలు, రెండూ మీ శిక్షణ పొందినవేనా?"

సత్యవేణి మాస్టారివైపు చూసి, చాలు, అక్కడితో ఆపమని కళ్లతో బతిమాలింది. మాస్టారికి చత్వారం.

"రెండేంటండీ!" అని ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఎవరనుకున్నారు నన్ను? రెండువేళ్లతో టొకటొకా కొట్టేవాణ్ణి తయారుచేస్తానా నేను? పదికి పదీ అండి! ఎడంచేతి చిటికెనవేలు చాలదూ, మీ మిషను పొగలొచ్చేస్తాది! ఏ వేలైనా సరే, ఒక్క పిసరు తేడా ఉంటే నా పేరు మార్చుకుంటాను!"

సోమసుందరం గారి పెన్ను కరకరా నడిచింది. సత్యవేణి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. పెట్టుకోవడం ఆ వారానికి అదే ఆఖరుసారి అవుతుందని తెలియదు. అరగంటలో పది వేళ్లకూ పది సీళ్లు పడ్డాయి. మాస్టారు మాత్రం ఒక్కో వేలి పేరూ తనే దగ్గరుండి రాయించి, స్పెల్లింగులు దిద్ది, సంతోషంగా ఇంటికి వెళ్లారు.

ఆ రాత్రి మౌనిక అన్నం కలిపి తల్లికి ముద్దలు పెట్టింది. "అమ్మా, ఆ," అంటూ. చిన్నది పక్కన కూర్చుని నవ్వింది. సత్యవేణికి నవ్వొచ్చింది, వెనకే ఏడుపొచ్చింది. రెండు చేతులూ సున్నుండల్లా ఉన్నాయి, కళ్లు తుడుచుకోవడానికి కూడా లేదు. పిల్ల తుడిచింది. "ఎక్కడికీ వెళ్లిపోవు కదమ్మా?" అంది. "వెళ్లనే, ఆరు నూరైనా వెళ్లను," అంది సత్యవేణి.

రాత్రంతా ఆలోచించింది. టైపిస్టన్నాక కాగితంలో ఏముందో చదవక్కర్లేదు, వేళ్లకే తెలుస్తుంది అంటారు. ఆ నియమావళి కూడా మొదట్లో టైపుకు ఆమె టేబులు మీదికే వచ్చింది. పొద్దున్నే సంఘం ఆఫీసుకు వెళ్లి, అర్జీ రాయడానికి చేతుల్లేక, నోటితో చెప్పింది.

"ఏవండీ, నాలుగో నిబంధన ప్రకారం పరీక్ష చెయ్యని పరికరం ఆటస్థలంలోకి రాకూడదు కదండీ?"

"రాకూడదు," అన్నారు సోమసుందరం గారు గంభీరంగా.

"నా పదివేళ్లూ పరీక్ష చేశారండి. పశుగ్రాసం వాళ్ల యాభైవేళ్లు ఎవరు చేశారండీ? మా జట్టులో మిగతా నలభై?"

సోమసుందరం గారు కుర్చీలో వెనక్కి వాలిపోయారు. ఆయన మొహం పున్నమి చంద్రుడిలా వెలిగింది. ఇంత న్యాయమైన అభ్యంతరం ఆయన సర్వీసులో వినలేదు. లేచి చెయ్యి కలపబోయి, సీళ్లు చూసి నమస్కారం పెట్టారు. తొంభై వేళ్లనూ పరీక్ష చేయవలెనని అప్పటికప్పుడు ఉత్తర్వు రాశారు. మిషనుకు బ్యాటరీ అయిపోయింది. బ్యాటరీ కొనాలంటే మూడు కొటేషన్లు పిలవాలి. పరీక్ష జరిగేదాకా తొంభై వేళ్లకూ ముందుజాగ్రత్తగా సీళ్లు వేయవలెనని రెండో ఉత్తర్వు రాశారు. కామేశం గారు సంచీ భుజాన వేసుకుని బయల్దేరారు. సీసం బిళ్లలు చాలక చేపల వలలకు కట్టేవి తెప్పించారు.

ఆదివారం ఉదయం ఫైనల్. షామియానా, మైకు, చీఫ్ గెస్టు, పూలదండ. దండ వేయడానికి ఆటగాళ్లకు చేతుల్లేవు. పదిమంది ఇరవై సున్నుండలతో మైదానంలోకి వచ్చారు. మార్కర్లు మెళ్లో తాళ్లకు వేలాడుతున్నాయి. ఇలాంటి ఆట ఎన్నడూ చూడలేదని చీఫ్ గెస్టు మెచ్చుకున్నారు. జనం ముక్కున వేలేసుకున్నారు, వాళ్లకు ఆ సౌకర్యం ఇంకా ఉంది కనుక.

విజిల్ మోగింది. పదిమందీ దబదబా పరిగెత్తి డ్రమ్ముల వెనకాల దాక్కున్నారు. పావుగంట అయింది. ఒక్క గుళిక పేలలేదు. అరగంట అయింది. మైకులో వ్యాఖ్యానం చెప్పేవాడు ఏం చెప్పాలో తోచక ఊరి మంచినీళ్ల సమస్య గురించి మాట్లాడాడు. తిరుపతిరాజు గారు టైరు వెనకనుంచి మోచేత్తో మీట నొక్కడానికి ప్రయత్నించి, కుదరక, "టప్ టప్ టప్!" అని నోటితో గట్టిగా అరిచారు. అంపైరు నియమావళి తిరగేసి, నోటితో కాల్చిన గుళిక లెక్కలోకి రాదన్నాడు. "అదేంటండీ, తగిలిందండీ ఆవిడకి!" అని తిరుపతిరాజు గారు వాదించారు.

సత్యవేణి డ్రమ్ము వెనకాల గొంతుక్కూర్చుని ఆలోచించింది. ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. ఎవరూ ఏమీ చెయ్యలేరు. మరి ఎందుకు దాక్కున్నట్టు? లేచి నిలబడింది. చీర సర్దుకోవడం కుదరలేదు, అలాగే నడిచింది. కూరగాయల బజారుకు వెళ్లినట్టు నింపాదిగా మైదానం మధ్యనుంచి నడిచి వెళ్లింది. "ఏవండీ మేడమ్, మీరలా వచ్చేస్తే ఎలాగండీ! దాక్కోవాలండి!" అని తిరుపతిరాజు గారు టైరు వెనకనుంచే మొత్తుకున్నారు. సత్యవేణి పశుగ్రాస శాఖ జెండాను రెండు మోచేతుల మధ్య ఇరికించి పెకలించి, చంకలో పెట్టుకుని, అదే నడకతో వెనక్కొచ్చి తమ స్తంభం దగ్గర పడేసింది.

ఒక్క క్షణం ఎవరికీ ఏం అర్థం కాలేదు. తర్వాత జనం ఈలలేశారు. పేరయ్య మాస్టారు కుర్చీ ఎక్కి గంతులేశారు. తిరుపతిరాజు గారు లేచి వచ్చి, "గెలిచారండి మేడమ్, ఒప్పుకున్నాం!" అని సున్నుండతో సున్నుండకు కొట్టారు. నూకరాజు పిల్లలిద్దర్నీ చెరో భుజం మీద ఎక్కించుకున్నాడు. మూడేళ్లు! మౌనిక ఇంటర్ అయిపోతుంది. సత్యవేణి పట్టలేని సంతోషంతో అక్కడే మట్టిలో కూలబడింది.

ఆ సంతోషం మంగళవారం దాకా నిలిచింది. మంగళవారం సంఘం తుది ఉత్తర్వు వచ్చింది. ఫైనల్లో ఒక్క గుళికా పేలలేదు గనుక అది పెయింట్‌బాల్ కాదు. జరిగినది నడక. కావున దానిని నడక పోటీగా పరిగణించవలెను. నడక పోటీలో నడిచినది ఒక్కరే గనుక అది పోటీ కూడా కాదు. కావున విజేత లేరు, సర్టిఫికెట్టు లేదు. ఉద్యోగుల ఒత్తిడి నూటికి నూరు శాతం తొలగినట్టు పైకి నివేదిక పంపడమైనది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాళ్లతో ఏం వాదిస్తాం? సత్యవేణికి అన్నం సయించలేదు. కొండగుమ్మానికి వెళ్లే మొదటి బస్సు తెల్లవారుజామున నాలుగున్నరకని నూకరాజు కనుక్కొచ్చాడు. కనుక్కొచ్చి చెప్పలేక వాకిట్లో నిలబడ్డాడు.

బుధవారం కామేశం గారు ఇంటికి వచ్చారు. సీళ్లు వేసినవాళ్లే విప్పాలి. ఒక్కొక్కటే పటకారుతో కత్తిరించారు. ఆయనకు ఆ ఉత్తర్వు నచ్చినట్టు లేదు. ఆఖరున రిజిస్టరులో రాయడానికి ఒక్కసారి వెంట తెచ్చిన మార్కర్ మీద చూపుడువేలితో నొక్కమన్నారు. కొత్త బ్యాటరీ వేసిన మిషను ఎనిమిదని చూపించింది. మళ్లీ నొక్కమన్నారు. పది. ఆయన మొహం చిట్లించి, చేతిగడియారం తీసి ముందు పెట్టుకుని, గోడకు గుళికలు కొట్టించి మచ్చలు తనే లెక్కపెట్టారు. తొమ్మిది. మళ్లీ తొమ్మిది. ఇరవైసార్లు కొట్టించారు. ఇరవైసార్లూ తొమ్మిదే. ఆ ఇంటి గోడ ఇప్పటికీ పసుపుపచ్చగా ఉంటుంది.

కామేశం గారు మిషనును పక్కకు తోసేశారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"తల్లీ, ముప్ఫై ఏళ్లు కొట్టుకొట్టూ తిరిగాను. అరిగిపోయిన రాళ్లు చూశాను, అడుగున చింతపండు అంటించిన కాటాలు చూశాను. ఇంత నిజాయితీ గల తూకాన్ని నేను చూళ్లేదమ్మా. మిషనే తప్పు. నీ వేలు కాదు."

ఆయన అక్కడే కూర్చుని సంఘం కాగితం మీద ఉత్తరం రాశారు. జిల్లాలోని మిషన్లన్నిటినీ ఇకమీదట సత్యవేణి కుడి చూపుడువేలితో సరిచూడవలెనని, సదరు వేలిని ప్రామాణిక కొలతగా ప్రకటించడమైనదని, ప్రామాణిక కొలతను జిల్లా కేంద్రం దాటించడం ఎట్టి పరిస్థితుల్లోనూ కుదరదని. సోమసుందరం గారు చదివి, కామాలు సరిచేసి, సంతకం పెట్టారు. రూలు ప్రకారమైతే చాలు, ఆయనకు ఎవరిమీదా కోపం లేదు.

ఉత్తరం కాలవలు తూముల శాఖ పై ఆఫీసుకు వెళ్లింది. పన్నెండు రోజులకు జవాబొచ్చింది. సత్యవేణి కవరు చించి చదివింది.

"ప్రామాణిక కొలతగా ప్రకటింపబడిన సదరు వేలిని ప్రజా ప్రయోజనము దృష్ట్యా జిల్లా కేంద్రమునందే నిలుపుదల చేయడమైనది. మిగతా ఉద్యోగిని కొండగుమ్మానికి రిలీవు చేయుటకు అభ్యంతరము లేదు."

మొదట అర్థం కాలేదు. రెండోసారి చదివాక నవ్వు మొదలైంది. ఏడవాలో నవ్వాలో తెలియని నవ్వు కాదు, కడుపు పట్టుకుని నవ్వే నవ్వు. పక్క సీటు వాళ్లు నీళ్లిచ్చారు. కాగితం తీసుకుని ఆఫీసరు గారి గదిలోకి వెళ్లింది. ఆయన మూడుసార్లు చదివి చెమట తుడుచుకున్నారు.

"ఓరి నాయనో, ఎలా రిలీవు చెయ్యమంటారమ్మా దీన్ని? వేలు ఇక్కడ హాజరు పట్టీలో సంతకం పెడితే, అక్కడ నువ్వు దేంతో పెడతావ్? జీతం ఎవరికి ఎంత? వేలికి సెలవు కావాలంటే ఎవరిస్తారు? రేపు ఆడిట్‌లో నన్నే పట్టుకుంటారు. వివరణ అడుగుతాను. అది వచ్చేవరకు నువ్వు ఉన్నచోటే ఉండు."

ఆయన మూడురోజులు కూర్చుని పంతొమ్మిది పేజీల చిత్తు రాశారు. ఎనభై రెండు సందేహాలు. అది శుభ్రంగా టైపయి పైకి వెళ్లాలి. ఆఫీసులో టైపిస్టు ఒక్కతే.

"ఎంతసేపట్లో అయిపోతాదమ్మా?" అన్నారు కట్ట ఆమె టేబులు మీద పెడుతూ. పంతొమ్మిది పేజీలంటే సత్యవేణికి ఒక పూట పని. ఆ సంగతి ఆఫీసంతటికీ తెలుసు.

సత్యవేణి మొదటి పేజీ ముందు పెట్టుకుంది. కొత్త తువ్వాలు మడిచి, కుడి చూపుడువేలిని దాని మీద జాగ్రత్తగా పడుకోబెట్టింది. "ప్రామాణిక కొలతను రోజువారీ పనికి వాడితే అరిగిపోద్దటండి. కామేశం గారు మరీ మరీ చెప్పారు," అంది. "మిగతా వాటికి కొండగుమ్మం ఆర్డరు ఉందండి, ఎంతవరకు వాడొచ్చో నాకూ భయమేను. నెమ్మదిగా చూసి చేస్తానండి."

ఎడంచేతి చిటికెనవేలితో ఒక అక్షరం నొక్కింది. సరిగ్గా పడిందో లేదో కళ్లజోడు పెట్టుకుని చూసింది. తర్వాత టీ తాగడానికి లేచింది.

ఆఫీసరు గారు నెలకోసారి వచ్చి, "అయిందామ్మా?" అని అడుగుతారు. "చేస్తున్నానండి," అంటుంది. మౌనిక పది పాసై, ఇంటర్ రెండో ఏడాదిలోకి వచ్చింది. ఫైలు నాలుగో పేజీలో ఉంది.